మామ్మ తోమిన సాక్సోఫోను

నా చిన్నప్పుడు విజయనగరంలో పెళ్లి ఊరేగింపంటే ముందు బ్యాండు, పక్కన నెత్తిన గ్యాస్‌లైట్లు మోసేవాళ్లు, వెనక చుట్టాలు. ఆ బ్యాండులో మా తాతయ్య సాక్సోఫోను వాయించేవాడు. పగలు జూట్ మిల్లులో పని, పెళ్లిళ్ల రోజుల్లో సాయంత్రం బ్యాండు. ఇప్పుడు నాకు డెబ్బయ్యేళ్లు దగ్గరపడ్డాయి. ఈ మధ్య గిన్నె చేతిలో పట్టుకుని ఎందుకు లేచానో మరిచిపోయినప్పుడల్లా ఆయన గుర్తొస్తున్నాడు. ముందు ఆ సాక్సోఫోను సంగతి చెప్పాలి.

అది ఫ్రాన్సులో తయారైంది. తాతయ్య వయసులో ఉండగా ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేశాడు. అక్కడ క్లబ్బులో డాన్సులకి వాయించే ముసలాయన ఒకడు ఊరు వదిలి వెళ్లిపోతూ దీన్ని తాతయ్య చేతుల్లో పెట్టాడట. దాని వెడల్పాటి మూతి మీద తీగలూ పువ్వులూ చెక్కి, మధ్యలో తయారుచేసినవాళ్ల పేరు రాసి ఉండేది. ఆ పేరుకి మా పేటలో ఎవరికీ నోరు తిరగలేదు. చర్చి పాస్టరుగారు కళ్లజోడు సర్దుకుని రెండు మూడు రకాలుగా పలికి చూసి, ఇది ఇంగ్లీషు కాదు బాబూ అని తిరిగి ఇచ్చేశారు. ఫ్రాన్సు సాక్సోఫోన్లంటే వాయించేవాళ్లందరూ చెప్పుకునే పెద్ద పేర్లు ఒకటో రెండో ఉన్నాయి. వాటిలో ఇది లేదు. ఎక్కడో చిన్న ఊళ్లో కొద్దిమంది కూర్చుని చేసిన సరుకు అయ్యుంటుందని తాతయ్య అనుకునేవాడు.

దాని గొంతు వేరు. కొంచెం బొంగురు, కొంచెం తడి. జలుబు చేసిన మనిషి వంటింట్లో తనలో తాను పాడుకున్నట్టుండేది. మీటలు కూడా మిగతావాటిలా ఉండవు, కొత్తవాళ్లు పట్టుకుంటే వేళ్లు తడబడేవి. ఒక్కో స్వరాన్నీ పెదవితో కాస్త బుజ్జగిస్తే తప్ప శృతిలోకి వచ్చేది కాదు. దీనికి మొగమాటం ఎక్కువ అని తాతయ్య నవ్వేవాడు. ఆయనకి అది నచ్చడానికి కారణం కూడా అదేనని నాకు చాలా ఏళ్లకి తెలిసింది. అందరికీ లొంగని వస్తువు తనకి లొంగిందని కాదు. రోజూ దాన్ని అడిగి, అది ఏమంటుందో విని, మళ్లీ అడగడం ఆయనకి ఇష్టం.

నాకు పదేళ్లప్పుడు బ్యాండు మేస్త్రి మీరట్ నుంచి కొత్త సాక్సోఫోన్లు తెప్పించాడు. తళతళా మెరిసేవి, వీధి ఈ చివర ఊదితే ఆ చివర పిల్లలు లేచేవాళ్లు. వాటి పక్కన తాతయ్యది, వెండి పూత పోయి, లోపలి ఇత్తడి నల్లబడి, చూడ్డానికి బాగుండేది కాదు. మేస్త్రి ఒకరోజు మా గుమ్మంలో నిలబడి చెప్పేశాడు.

"మావా, పెళ్లోలు నవ్వుతన్నారు. పాస్టరుగారి పాప పెళ్లికి సూస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే దాన్ని పెట్లో పెట్టీసి తాషా కొట్టుకో."

తాషా అంటే బ్యాండులో కర్రలతో వాయించే డప్పు. మిల్లులో జనపనార నూగు పీల్చి పీల్చి అప్పటికే ఆయన ఊపిరి పాడైంది. మనిషికి అంత అలసటలోనూ సాయంత్రం కాగానే చేతిలోకి తీసుకోవాలనిపించేది ఆ ఒక్కటే. అదీ పోతే ఆయన ఏమవుతాడో మా మామ్మకి తెలుసు. గుమ్మం వెనక నిలబడి అంతా విన్నది.

పెళ్లికి ముందురోజు తాతయ్య మిల్లుకి వెళ్లగానే మామ్మ నడుం బిగించింది. మా పేటలో మామ్మ తోమిన ఇత్తడి బిందెలో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చని పక్కింటివాళ్లు అనేవారు. బొట్టు పెట్టుకోని మా క్రైస్తవుల ఇంటి గురించి ఆ మాట అనడం వాళ్లకి సరదా. నానబెట్టిన చింతపండు, పొయ్యిలో బూడిద, కొబ్బరి పీచు పట్టుకుని సాక్సోఫోను ముందు కూర్చుంది. మీట మీటా ఎత్తి సందుల్లో కూడా తోమింది. బోరింగు కింద పెట్టి కడిగింది. నేనే బోరింగు కొట్టాను. తర్వాత బిందెల పక్కనే చప్టా మీద ఎర్రటి ఎండలో బోర్లించింది. నిజంగానే కళ్లు చెదిరేలా ఉంది.

సాక్సోఫోను మీటల కింద చిన్న చిన్న తోలు బిళ్లలుంటాయి. అవి గొట్టానికున్న కన్నాలని గాలి చొరకుండా మూస్తేనే స్వరం పలుకుతుంది. వాటిని లక్కతో అంటిస్తారు. చింతపండు నీళ్లకి తోలు ఉబ్బింది, ఎండకి లక్క మెత్తబడింది, బిళ్లలు వంకర్లు తిరిగిపోయాయి. ఈ సంగతి మామ్మకి గాని నాకు గాని ఎలా తెలుస్తుంది?

సాయంత్రం తాతయ్య వచ్చాడు. పెరట్లోకి నడిచి దాన్ని చూశాడు. చూసి, ఒంగి, రెండు చేతులతో ఎత్తుకున్నాడు. ఒక మీట నొక్కి వదిలాడు. ఆయన ముఖంలో రంగు పోవడం నేను చూశాను. మామ్మ కొంగుకి చేతులు తుడుచుకుంటూ ఆయన నోటివైపే చూస్తోంది, పొద్దుట్నుంచీ తిండి కూడా తినలేదు.

"ఏటే ఇది? బంగారంలాగున్నాది," అన్నాడు తాతయ్య.

మామ్మ సిగ్గుపడిపోయి అన్నం పెట్టడానికి లోపలికి వెళ్లింది. తాతయ్య నా చెయ్యి పట్టుకుని చర్చి వెనక ఖాళీ స్థలానికి తీసుకెళ్లాడు. అక్కడ గోడకి ఆనుకుని కూర్చుని ఒక్కో స్వరం ఊది చూశాడు. కింది స్వరాలన్నీ పోయాయి. ఊదితే పాము బుసకొట్టినట్టు గాలి తప్ప ఏమీ లేదు. ఎడమచేతి వేళ్లకి అందే పై స్వరాలు నాలుగైదు మాత్రం బతికున్నాయి. మద్దెలలు కట్టే ఆయన దగ్గర మేకతోలు తెచ్చి బిళ్లలు కోసి అంటించడం ఒక పూటలో అయ్యే పని కాదు. పెళ్లి రేపే. తాతయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని గోడకి తల ఆనించాడు. అంత అలిసిపోయిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. తర్వాత, నాకు ఏడుపొస్తోందని చూశాడేమో, ఊరేగింపులో వాయించబోయే పాట నన్ను పాడమన్నాడు.

నేను పాడుతుంటే, పాట ఆ బతికున్న స్వరాల దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఊదేవాడు. మిగతా చోట్ల పెదవి తీయకుండా ఆగేవాడు. మళ్లీ మళ్లీ పాడించాడు. కాసేపటికి ఆగే చోట్లు కూడా పాటలో భాగంలా అనిపించసాగాయి. అయినా నాకు బెంగ తీరలేదు. మధ్యమధ్యలో ఊరుకుంటే జనం తప్పు పట్టరా అని అడిగాను.

"దానికి ఏటొచ్చునో అదే అడగాల గుంటా," అన్నాడు. "రానిది అడిగితే దానికీ బాధ, మనకీ బాధే. మిగతాది పక్కోలు సెప్తారు. మామ్మతో మాత్రం ఏటీ సెప్పకు."

మర్నాడు చర్చి మెట్ల దగ్గర బ్యాండు మొదలైంది. కొత్త సాక్సోఫోన్లు గట్టిగా అందుకున్నాయి. తాతయ్య కాసేపు నిలబడి, తన స్వరం రాగానే మెల్లగా ఊదాడు, మళ్లీ తప్పుకున్నాడు. ఆ హోరులో ఆ బొంగురు గొంతు అలా వచ్చి పోతుంటే జనం ఎప్పుడొస్తుందా అని తల తిప్పి చూడసాగారు. క్లారినెట్టు వాయించేవాడు సంగతి గ్రహించి, తాతయ్య ఆగిన చోటల్లా తాను అందుకున్నాడు. మేస్త్రి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. పెళ్లివారి గుమ్మం చేరాక దగ్గరికి వచ్చి, ఇలా వాయించడం ఎప్పుడు నేర్చావు మావా అని మాత్రం అడిగాడు. తాషా మాట ఆ రోజూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు.

మామ్మ ప్రహరీ పక్కన ఆడవాళ్లలో నిలబడి మోచేత్తో అందర్నీ పొడుస్తోంది. "సూసారా, తోమితే ఎలా పలుకుతన్నాదో!" అంటోంది. నేను నోరు నొక్కుకుని నిలబడ్డాను.

తర్వాత నెమ్మదిగా తాతయ్య కొత్త తోలు బిళ్లలు వేశాడు. అన్ని స్వరాలూ తిరిగొచ్చాయి. అయినా ఆయన అన్నీ వాయించడం మానేశాడు, తన ఊపిరికి అందినవే వాయించేవాడు. మామ్మ మటుకు ప్రతి క్రిస్మస్‌కీ చింతపండు నానబెట్టేది. వద్దంటే కారణం చెప్పాలి కదా. అందుకని తాతయ్య ముందురోజే మీటలూ బిళ్లలూ అన్నీ ఊడదీసి దాచి, ఉత్త గొట్టాన్ని ఆమె ముందు పెట్టేవాడు. ఏటేటా అంత పని నెత్తిన వేసుకున్నాడు. మామ్మ చనిపోయేదాకా తన చేతి మహిమ వల్లే అది పలుకుతోందని నమ్మింది.

ఇప్పుడది శ్రీకాకుళంలో మా ఇంట్లో బీరువా మీద పెట్టెలో ఉంది. మొన్న మా మనవడు వచ్చినప్పుడు దాని మీద పేరు ఫోనులో వెతికాడు. ఇలాంటి పేరు తెలియని పాత ఫ్రెంచి సాక్సోఫోన్లని ఏరి కోరి వెతుక్కునేవాళ్లు ఇప్పుడు దేశదేశాల్లో ఉన్నారట. పెద్ద పేర్లవి ఎక్కడ విన్నా ఒకేలా పలుకుతాయనీ, వీటిలో దేని గొంతు దానిదేననీ రాశారట. వాడు నోరు తెరుచుకుని చదివి వినిపిస్తుంటే, తాతయ్య ఉంటే మీసం చాటున నవ్వేవాడనుకున్నాను.

కిందటేడు మా ఆయనకి పక్షవాతం వచ్చింది. ముప్పయ్యేళ్లు హైస్కూల్లో సోషలు చెప్పిన మనిషి, గేటు బయటికి వినిపించేలా మాట్లాడేవారు. ఇప్పుడు ఆయనకి మిగిలినవి మూడు మాటలు. ఔను, చాలు, రా. రోజూ బొమ్మలు చూపించి పలికించమన్నారు డాక్టర్లు. అరటిపండు, కుర్చీ, దువ్వెన. నెలల తరబడి చేశాం. ఆయన నోరు వంకర తిరిగేది, కళ్లల్లో నీళ్లు నిండేవి, నేను వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చేదాన్ని. నాకు బాగా అలుపొచ్చేసింది. ఒకరోజు బొమ్మలు సర్దుతూ బీరువా మీద పెట్టె వైపు చూసి ఆగిపోయాను.

ఆ బొమ్మలు ఇప్పుడు పొద్దున కాసేపే తీస్తాను. మిగతా రోజంతా ఆయనకి వచ్చిన మాటలు ఎక్కడ సరిపోతాయో చూసుకుని అడుగుతాను. కాఫీలో పంచదార సరిపోయిందా అంటే, ఔను. ఇంకో ముద్ద పెట్టనా అంటే, చాలు. వచ్చినవాళ్లు మాస్టారు బాగా మాట్లాడుతున్నారే అంటారు. మిగతాది నేను చెబుతాను.

సాయంత్రం అరసవల్లి వైపు వెళ్లే ఆటోల చప్పుడు తగ్గాక, పనులన్నీ అయ్యాక, నడుం పట్టుకుని గుమ్మంలో నిలబడతాను. మీ పక్కన కాసేపు కూర్చోనా అని అడుగుతాను. ఆయన కుడిచెయ్యి కదలదు. ఎడమచేత్తో దుప్పటి కొంచెం జరిపి, "రా" అంటారు.