పెళ్లికొడుకు కారు, చేపల పెట్టెలు, ఒక డబ్బా మైనం

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహా ఇతిహాసం. ఇందులో నట్టింట్లో జరిగిన అవమానం ఉంది, దానికి బదులు తీర్చుకుంటానన్న ప్రతిజ్ఞ ఉంది. అస్త్రం కోసం ప్రయాణం ఉంది. శత్రువు మన ఇంట్లోనే ఉన్నాడని తెలిసే ఘట్టం ఉంది. చివర్లో పెళ్లి కూడా ఉంది.

అంత లేదు. ఇది మా నాన్న కారుకి మైనం రాసిన సంగతి. ఇతిహాసం కోసం ఎక్కినవాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు.

మాది మల్కాపురం. నాన్న పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యాడు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి, ఉద్యోగం అయిపోయినా ఇక్కడే ఉండిపోయిన మనిషి. పదకొండేళ్ల కిందట కారు కొన్నాడు. నల్లది. మా పేటలో రోజూ పడేది నల్ల దుమ్ము కాబట్టి నల్ల కారు మీద కనపడదని ఆయన లెక్క. ఈ తర్కానికి షోరూములో ఎవరూ అడ్డు చెప్పలేదు. తీరా ఇంటికి తెచ్చాక తెలిసింది, నల్ల కారు మీద ఏ దుమ్మయినా బూడిద రంగులోనే కనపడుతుందని. ఆ దుమ్ము ఎవరిదని అడిగితే ఒక్కొక్క ఫ్యాక్టరీ వాళ్లూ పక్క ఫ్యాక్టరీ గోడ చూపిస్తారు. గోడలన్నీ అయిపోయాక మళ్లీ మన కారు దగ్గరికే వచ్చి నిలబడతాం.

అయినా వీధిలో ఆ కారుకి ఒక హోదా ఉండేది. మా వీధి పెళ్లికొడుకులు మండపానికి వెళ్లేది అందులోనే. ఆరుగుర్ని మోసింది. నాన్నే నడిపేవాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఓడలోంచి బరువు దించుతున్నంత నెమ్మదిగా. ఆ ఆరుగురిలో ఒకడు తర్వాత విడాకులు తీసుకున్నాడు. అందులో కారు తప్పేమీ లేదని నాన్న చాలామందికి వివరించాడు.

ఈ ఏడాది ఎదురింట్లో పెళ్లి. వాళ్లది సముద్రం మీద బతికే కుటుంబం, సొంత బోటు ఉంది. పెళ్లికొడుకు నాకు చిన్నప్పటి నుంచి స్నేహితుడు. నన్ను బావా అంటాడు, నేనూ వాణ్ని బావా అంటాను, ఇద్దరి మధ్యా ఏ చుట్టరికమూ లేదు. శుభలేఖ ఇవ్వడానికి వాళ్ల నాన్న మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, వెళ్లే ముందు గుమ్మంలో నిలబడి మా కారు వంక ఒకసారి చూశాడు.

“అన్నయ్యా, మీ కారు మాత్రం తప్పకుండా ఉండాలి,” అన్నాడు. నాన్న అప్పటికే తల ఊపుతున్నాడు. “మండపానికి సేపల పెట్టెలు సేర్సాలి గదా. పిల్లోడికైతే అద్దెకి తెల్ల కారు మాటాడేసేం.”

ఊపుతున్న తలని మధ్యలో ఆపడం కష్టం. నాన్న ఊపడం పూర్తిచేసి, “అలాగేనండి,” అన్నాడు. ఆయన వీధి దాటి వాళ్లింట్లోకి వెళ్లేదాకా చూసి, “పెళ్లయ్యాక అమ్మేద్దాం,” అన్నాడు. ఏంటండీ అమ్మేది అని అమ్మ అడిగింది. కారు అన్నాడు, ఉప్పు అందుకో అన్నంత మామూలుగా.

నాకు ఒళ్లు మండింది. చేపల మీద కోపం కాదు, ఆ ఇంటి చేపలు తిని పెరిగినవాణ్ని. ఆరుగురు పెళ్లికొడుకుల్ని మోసిన కారు ఏడో పెళ్లికి ఐసు పెట్టెలు మొయ్యాలా? ఎంత మాట! ఆ కోపంతోనే బయటికి వచ్చి కారు వంక చూశాను. తోమి తోమి కళ తప్పిన అంట్ల గిన్నెలా ఉంది. నా కోపాలతో ఇదే ఇబ్బంది, సగం దూరం పోయేసరికి అవతలివాళ్లదే న్యాయమని తేలుతుంది. అయినా వెనక్కి రాబుద్ధి కాలేదు. పెళ్లికొడుకు ఇందులోనే వెళ్తాడని అమ్మ ముందు శపథం చేశాను. అమ్మ గ్లాసులు కడుక్కుంటూ ఊఁ అంది.

పెళ్లికొడుకు మర్నాడు పొద్దున్నే వచ్చాడు. వాడు ఫైబరు పడవలు తయారుచేసే షెడ్డులో పని చేస్తాడు. ఏ పైపూత ఎందుకు పాడైందో చూసి చెప్పడం వాడికి వెన్నతో పెట్టిన విద్య.

“నాను మీ కారులోనే ఎల్తాను బావా,” అన్నాడు. “మా నాన్నకి మెరుపు కావాల. అంతే. నువ్వు మెరిపించు, మిగిలింది నాను సూసుకుంటాను.”

ఎండ బానెట్ మీద పడే చోటికి నన్ను లాక్కెళ్లి చూపించాడు. రంగు నిండా సన్నటి గీతలు, సాలెగూడులా గుండ్రంగా, వేల కొద్దీ. ఎవరో పగబట్టి కూర్చుని గీసినట్టున్నాయి. ఆ పగబట్టినవాడెవడో తెలిస్తే వాడి సంగతి చూస్తానని నేను అంటూ ఉండగానే నాన్న పాత బనీను పట్టుకుని బయటికి వచ్చాడు. కాఫీ కంటే ముందు కారు తుడవడం ఆయన అలవాటు. పొడి గుడ్డతో, బలం పెట్టి, సర్రు సర్రుమని. పదకొండేళ్లుగా నాకు మెలకువ వచ్చేది ఆ చప్పుడుకే. మా దుమ్ము పిండిలాంటిది కాదు, సన్నగా నలిగిన రాయి.

వాడు నా చెవి దగ్గర గొంతు తగ్గించాడు. “ఏటి బావా ఇది. మావయ్య రోజూ ఉప్పు కాగితం ఎట్టి రుద్దతన్నట్టే గదా.”

వడ్రంగి కర్రని నునుపు చేసే ఉప్పు కాగితాన్ని కారు మీద పదకొండేళ్లు రుద్దితే ఏమవుతుందో నా ఎదురుగానే ఉంది. నిజం చెప్పడానికి ఒక పద్ధతి ఉంటుందంటారు. నాకు రాదు. “నాన్నా, కారుని పాడుచేసింది దుమ్ము కాదు, నీ బనీను,” అనేశాను.

నాన్న చేతిలో గుడ్డ వంక చూసుకున్నాడు. “పదకొండేళ్లు తుడిచానురా,” అన్నాడు. బనీను నాలుగు మడతలు పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. క్రేను దిగాక ఆయనకంటూ రోజూ మిగిలిన పని అదొక్కటే అని నాకు అప్పుడు గుర్తొచ్చింది. దాంతో నా మీద నాకు వచ్చిన కోపం తీసుకెళ్లి ఆటోనగర్‌లో కారు సామాన్ల దుకాణం వాడి మీద పెట్టుకున్నాను.

నేను అడిగింది మైనం. అతను వరసగా సీసాలు పేర్చాడు. ఒకటి చిమ్మి తుడిస్తే చాలట. ఒకటి అద్దం చేస్తుందట, ఇంకొకటి వజ్రం చేస్తుందట. కారుని కారులాగే ఉంచే సీసా ఒక్కటీ లేదు. ఒక పూతకైతే అయిదేళ్ల గ్యారంటీ అన్నాడు, ఆ దుకాణం బోర్డుకి ప్లాస్టిక్ కవరే ఇంకా తీయలేదు. పెళ్లికొడుక్కి ఫోన్ చేశాను. సీసాలు వద్దు, ముద్ద మైనం అడుగు, బూటు పాలిష్ లాగ రేకు డబ్బాలో ఉంటుంది, పేస్ట్ వ్యాక్స్ అంటారు, అన్నాడు. దుకాణం వాడు మొహం చిట్లించి, అడుగు అరలోంచి రెండు రకాల డబ్బాలు తీసి, అది పాత పద్ధతి సార్, చెయ్యి నొప్పెడతాది అన్నాడు. ఆ దుకాణంలో నేను విన్న మొదటి నిజం అది.

రెంటిలో ఏది? వేలు పెట్టి చూడమన్నాడు ఫోన్లోంచి పెళ్లికొడుకు. రెండు వేళ్ల మధ్య నలిపితే ఒకటి గరగరలాడింది. అందులో రుద్దే పొడి కలిసి ఉందన్నమాట. రెండోది వెన్నలా జారింది. అది తీసుకో, గీతల కోసం ముందు రుద్దడానికి వేరే పాలిష్ చిన్న సీసా ఒకటి తీసుకో అన్నాడు. మైనంతో గీతలు పోవా అని అడిగాను.

“మైనం గీతలు తియ్యదు బావా. ఆటిలోకి దిగి కూకుంటాది. మనకి అగుపడవు, అంతే.”

ఇంత నిజాయితీగా ఏ డబ్బా మీదా రాసి లేదు.

మైనం రాసే రోజుకి వాణ్ని పెళ్లికొడుకుని చేసేశారు. పసుపు రాశాక వీధి దాటకూడదని వాళ్లమ్మ గుమ్మంలో కాపలా కూర్చుంది. అందుకని వాడు వాళ్ల అరుగు మీద నుంచే నాకు పని చెప్పాడు, ఒంటి నిండా పసుపుతో. కడగడం, ఆరబెట్టడం, పాలిష్‌తో రుద్దడం దాకా బాగానే సాగింది. ఆ తర్వాత నేను తెలివి ఉపయోగించాను. డబ్బా మీద ఆరనివ్వండి అని ఉంది కాబట్టి మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి రాశాను. మంచి పని ఎక్కువ చేస్తే తప్పేముందని దట్టంగా రాశాను. అది వేడి బానెట్ మీద ఎండిన గంజిలా బిగుసుకుపోయింది. ఎంత తుడిచినా కదలదు. నేను ఆ డబ్బా తయారుచేసినవాళ్లని, వాళ్ల పూర్వీకుల్ని వరసగా తలుచుకుంటున్నాను.

ఎదుటి అరుగు మీద నుంచి కేక వచ్చింది. “ఏటి సేత్తన్నావు బావా? పెసరట్టుకి ఉల్లిపాయలు అద్దతన్నావేటి? పలసగా రాయి. మా షెడ్డులో పడవ అచ్చుకి మైనం రాసేది ఎందుకనుకున్నావు? పడవ అంటుకుపోకుండా. మైనం పనే అది, దేన్నీ అంటుకోనీదు.”

ఆ మాట వీధిలో అందరం విన్నాం. ఒక్కరికైనా బుర్రకెక్కిందా? లేదు.

కారుని మేడ నీడలోకి తోసి, బానెట్ చల్లబడ్డాక, ఎండిన మైనం మీదే ఇంకాస్త మైనం రాసి మెత్తబరిచి, మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టాను. తడి స్పాంజితో చిటికెడంత. ఒక తలుపు అయ్యాకే ఇంకో తలుపు. పొగమంచు పట్టినట్టు తెల్లబడ్డాక వేలితో గీసి చూడాలి, వేలు పోయిన దారి శుభ్రంగా కనపడితే ఆరినట్టు. అప్పుడు మెత్తటి గుడ్డతో తుడవాలి. మర్నాడు ఇంకో పూత. నాన్న కుర్చీలో కూర్చుని, మడత పెట్టిన బనీను ఒళ్లో పెట్టుకుని చూశాడు. రెండో పూత అయ్యేసరికి వీధి కరెంటు తీగలు బానెట్‌లో కనపడ్డాయి, తీగ మీద కాకి కూడా కనపడింది. దాని అభిప్రాయం అది అక్కడే వదిలిపెట్టి వెళ్లింది.

ఆ మర్నాడు పొద్దున్న నాకు నిశ్శబ్దానికి మెలకువ వచ్చింది. బయటికి వస్తే కారు మీద మామూలు ప్రకారం దుమ్ము. పక్కన నాన్న, చేతిలో గుడ్డ. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. నేను నోరు తెరవలేదు. అది నా జీవితంలో అరుదైన ఘట్టం. ఆయన లోపలికి వెళ్లి బకెట్టు, మగ్గు తెచ్చాడు. నీళ్లు పోస్తే అవి ముత్యాల్లా గుండ్రంగా లేచి, దుమ్ముని వెంటేసుకుని కిందికి పోయాయి. “జారిపోతోందిరా,” అన్నాడు. శుభ్రమైన చోట కూడా ఇంకో మగ్గు పోశాడు.

సాయంత్రం ఎదురింటాయన వచ్చి, మా కారు తలుపులో మీసం సరిచేసుకున్నాడు. కాసేపు అటూ ఇటూ చూశాడు. “అన్నయ్యా, సేపల పెట్టెలకి ఏదో ఆటో సూత్తానులే,” అన్నాడు. పెళ్లికొడుకు మాటే ఎత్తలేదు. మీ ఇష్టమండి అని నాన్న లోపలికి వచ్చి, రెండు చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నాడు. వేసుకునేది ఒక్కటే అయినా.

పెళ్లి రోజు మధ్యాహ్నం కారు అలంకరించేవాళ్లు వచ్చారు, గులాబీలు, బంతి దండలు, టేపు చుట్టలతో. ఒకతను బానెట్ మీద మొదటి గులాబీ అతికించి, రెండోది అందుకున్నాడు. మొదటిది టేపుతో సహా జారి కింద పడింది. మళ్లీ అతికించాడు. మళ్లీ పడింది. దండ చివర పట్టుకుంటే మొదలు ఊడుతోంది. ఎదురింటాయన వచ్చి, దీనికి ఏటి రాసేర్రా అని అడిగాడు. పెళ్లికొడుకు బాసికంతో గుమ్మంలోకి వచ్చి చూసి, అంటుకోదు అని నాను ముందే సెప్పేను గదా అన్నాడు. ఆడవాళ్ల కోసం ఉంచుకున్న అద్దె కారు వీధి చివర తెల్లగా, టేపుకి ఎంతో అనుకూలంగా నిలబడి ఉంది. వర్జ్యం ముంచుకొస్తోంది. ఎదురింటాయన చూపు అటు తిరగడం నేను చూశాను, నాన్న కూడా చూశాడు.

పువ్వులాయన పరిష్కారం చెప్పాడు. గుడ్డ మీద కాస్త థిన్నరు పోసి బానెట్ తుడిచేస్తే మైనం పోతుంది, పావుగంట పని అట. ఈ కారు మీద ఎవడైనా థిన్నరు పెడితే వాణ్ని పెళ్లికొడుకు పక్కన కూర్చోబెట్టి ఇద్దరికీ కలిపి పెళ్లి చేయిస్తానని అరిచాను. బెదిరింపుగా అది అంత బాగా రాలేదు. ఎవరూ బెదరలేదు.

“వల దారం ఉందాండీ?” అని నాన్న ఎదురింటాయన్ని అడిగాడు.

సముద్రం మీద బతికే ఇంట్లో వల దారానికి లోటా? ఉండ తెచ్చి చేతిలో పెట్టారు. నాన్న ఇస్త్రీ చొక్కా చేతులు మడిచాడు. బతుకంతా పోర్టులో బరువులకి తాళ్లు కట్టించి పైకెత్తిన మనిషి. ఈ తలుపు సందులోంచి ఆ తలుపు సందుకి, అద్దానికి, బంపరు కొక్కేనికి దారం బిగించి, దండలన్నీ దాని మీద వేలాడదీశాడు. ఎక్కడా టేపు లేదు. దారం రంగుకి ఒరుసుకునే ప్రతి చోటా ఆగి, జేబులోంచి గుడ్డ ముక్క తీసి కింద పెట్టాడు. చూస్తే అది ఉతికి, నాలుగు వేళ్ల వెడల్పున చింపిన పాత బనీను.

“తాడు కింద మెత్త పెట్టాలండి,” అన్నాడు పువ్వులాయనతో. “లేకపోతే సరుకు గీసుకుపోద్ది.”

నేను దారం ఉండ అందుకుని, ఆయన అడిగినంత వదులుతూ వెనకే తిరిగాను.

పెళ్లికొడుకు మా కారులోనే వెళ్లాడు. నాన్న నడిపాడు, సైకిళ్లు కూడా దాటిపోయేంత గౌరవంగా. కారు నిండిపోవడం వల్ల నాకు చేపల ఆటోలో చోటు దొరికింది. రెండు ఐసు పెట్టెల మధ్య కూర్చుని, ముందు మెరుస్తున్న నా పనితనాన్ని గాజువాక మండపం దాకా చూస్తూ వెళ్లాను. ప్యాంటు తడిసింది.

కారు అమ్మకం మాట నాన్న మళ్లీ ఎత్తలేదు. పెళ్లయిన వారానికి బానెట్ మీద చెయ్యి వేసి, మళ్లీ ఎప్పుడు రాద్దాం అని అడిగాడు. నాకు ఉత్సాహం పొంగింది. ఇప్పుడే అని డబ్బా తేవడానికి లోపలికి పరిగెత్తాను. పెళ్లి హడావుడిలో మూత బిగించడం మరిచిపోయానని డబ్బా చేతిలోకి తీసుకున్నాక తెలిసింది. మూత వదులుగా ఉంటే ముద్ద మైనం ఎండిపోయి పెచ్చులు లేస్తుంది, ఇక పనికిరాదు; మాదీ అలాగే అయింది.