మా వీధి లైన్‌మన్ మీద మనం పెట్టిన సంతకాలు

ఆ కాగితం మీద మీరు సంతకం పెట్టారు. చదవకుండా పెట్టారు. నేను రాశాను కాబట్టి నిజమే అయివుంటుందని కొందరు, టీ చల్లారిపోతోందని కొందరు పెట్టారు. ఆ కాగితంలో మనం దోషిగా నిలబెట్టిన మనిషి, మా వీధి టెలిఫోన్ లైన్‌మన్, గడిచిన మంగళవారం ఉదయం బందరులో తన ఇంట్లోనే పోయారు. గుండెపోటన్నారు. రిటైరై ఏడాది కూడా కాలేదు.

వార్త విని నాకు ఫోన్ చేసి "మంచి మనిషండీ, పాపం" అన్నవాళ్ళని ఒక్కటే అడిగాను, ఆ మాట మూడేళ్ళ కిందట ఎందుకనలేదని. ఒకరు ఫోన్ పెట్టేశారు. ఇంకొకరు "రాసింది మీరే కదండీ" అన్నారు. అవును, నేనే. అందుకే మీ పలకరింపుల మీద నాకు నమ్మకం లేదు. నా దుఃఖం మీద కూడా అంత నమ్మకం లేదు. జరిగింది చెబుతాను, మీరే తేల్చుకోండి.

ఆయనది దివిసీమ, పాలకాయతిప్ప దగ్గర సముద్రం మీద బతికే ఊరు. తండ్రి వేటకి వెళ్ళేవాడు. ఈయన పదో తరగతి చదివి, టెలిఫోన్ స్తంభాలకి గుంతలు తవ్వే కూలీగా చేరి, చాలా ఏళ్ళకి పర్మనెంటయ్యారు. బందరు ఉప్పుగాలికి రాగితీగల జాయింట్లు పచ్చగా చిలుం పడతాయి. స్తంభమెక్కి వాటిని గీకి, మళ్ళీ మెలేసి, టేపు చుట్టడం ఆయన నిత్యకృత్యం.

ఎవరింటికి వెళ్ళినా ముందు ఇంట్లో మనిషిని పిలిచి పక్కన నిలబెట్టుకునేవారు. "ఇదుగోండమ్మా, మూత తీస్తున్నాను. ఇదుగో, రెండు తీగలూ విప్పాను. ఇప్పుడు ఆఫీసుకి ఒక్క టెస్టు కాల్ చేస్తున్నాను, లోకలే" అంటూ చేసే ప్రతి పనీ పైకి చెప్పేవారు. చాదస్తమని నవ్వుకునేవాళ్ళం. ఎస్‌టీడీ బిల్లులు గుండెలదరగొట్టే రోజుల్లో ఒక ఇంటివాళ్ళు, తమ పిల్ల చేసుకున్న కాల్స్ అన్నీ ఈయన చేశాడన్నారట. అప్పట్నుంచీ ఆ అలవాటు. "లైన్‌మన్ అంటే సగం దొంగ కిందే చూస్తారండీ. ఆ సగం మనమే తుడుచుకోవాలి" అనేవారు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. శ్రామికుడు అన్న మాట లేకుండా పేజీ నింపలేని నేను, నాకంటే పెద్దవాడైన ఆ మనిషిని నువ్వు అనేవాణ్ణి. ఆయన నన్ను సార్ అనేవారు.

మూడేళ్ళ కిందట ఆ వారం నేను ఈ పత్రికకి రొయ్యల చెరువుల మీద రాస్తున్నాను. ఎవరి చెరువు పక్కన ఎవరి మాగాణి ఉప్పు తేలిందో, ఎవరు చూసీ చూడనట్టు ఊరుకున్నారో పేర్లతో సహా రాశాను. గుడివాడలో ప్రెస్సుకి మెయిల్ చెయ్యాలి. చూస్తే నా కంప్యూటర్ నిండా అడగని ప్రకటనలు. ఒకటి మూస్తే రెండు తెరుచుకుంటున్నాయి. అంతకు ముందు నెలలో, మెయిళ్ళలో పెట్టుకునే నవ్వుబొమ్మలు ఉచితం అంటే నేనే దింపుకున్న సాఫ్ట్‌వేర్ అది. ఒళ్ళు మండి, దాని ఫోల్డరు వెతికి పట్టుకుని మొత్తం డిలీట్ చేశాను. పీడ విరగడైందనుకుని కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తే, మోడెం మీద దీపాలన్నీ మామూలుగానే వెలుగుతున్నాయి గానీ ఒక్క పేజీ తెరుచుకోదు, ఒక్క మెయిల్ కదలదు.

మామూలు మనిషైతే "ఇందాక నేనేం చేశాను?" అనుకుంటాడు. నేను "నన్నెవరేం చేశారు?" అనుకున్నాను. ఆ పొద్దున్నే మా వీధి మలుపులో లైన్‌మన్ స్తంభం మీద కనబడ్డాడు. ఇక చెప్పేదేముంది! చెరువుల యజమానులు, వాళ్ళ వెనక అధికారులు, వాళ్ళ కింద ఈ లైన్‌మన్. కథ మొత్తం అల్లుకున్నాను. వ్యాసం అచ్చుతీసుకుని బస్సులో గుడివాడ వెళ్ళి ఇచ్చి వచ్చాను. సాయంత్రం కోనేరు సెంటర్లో టీ కొట్టు దగ్గర మన పాఠకుల సమావేశంలో పిటిషన్ చదివాను. "పత్రిక గొంతు నొక్కేందుకు లైన్‌మన్ ఉద్దేశపూర్వకంగా కనెక్షన్ చెడగొట్టాడు" అని. చప్పట్లు కొట్టారు, సంతకాలు పెట్టారు. మర్నాడు దాన్ని టెలిఫోన్ ఆఫీసులో ఇచ్చి వచ్చాను.

మూడోనాడు ఆయన మా ఇంటికొచ్చారు.

"రండన్నయ్యా" అంది మా ఆవిడ. నేను కుర్చీలోంచి లేవలేదు.

"ఎవరు పంపారు నిన్ను?"

"జేఈ గారండీ."

"ఆయన్నెవరు పంపారు?"

"అదీ కనుక్కుని రమ్మంటారా?" అంది మా ఆవిడ వంటింట్లోకి వెళ్తూ.

ఆయన లైను చూశారు. మోడెం చూశారు. తర్వాత కింది వాటాలో ఉండే ట్యూషన్ మాస్టారిని అడిగి, ఆయన కంప్యూటర్ పెట్టెని భుజాన పెట్టుకుని మెట్లెక్కి తెచ్చి మా మోడెంకి తగిలించారు. పేజీలు చకచకా తెరుచుకున్నాయి.

"లైను బానే ఉందండీ. మోడెమూ బానే ఉంది. తేడా మీ పెట్టెలోనే. ఈమధ్య అందులోంచి ఏమన్నా తీసేశారా?"

"పనికిమాలిందొకటుంటే తీసేశాను."

"ఎలా తీశారండీ?"

"ఎలా తీసేదేంటి? పీకి పారేశాను."

"అదండీ సంగతి" అని ఆయన నేలమీద కూర్చున్నారు. "అలాంటియ్యి ఊరికే ఓ మూల పడుండవండీ. మీకూ బయటికీ మధ్య నడిచే దారిలో తనూ వలలో ఓ కన్నులాగా దూరుద్ది. మీరేం చూసినా, ఏం పంపినా దాంట్లోంచే పోవాల. వలలో కుళ్ళిన కన్ను కోసేస్తే చాలదండీ, అటూ ఇటూ కొసలు కలిపి ముడెయ్యాల. మీరు కోశారు, ముడెయ్యలేదు. వల జారిపోయింది."

మూడు నాలుగు ఇళ్ళలో ఇదే తేడా చూశారట. విజయవాడ ట్రైనింగులో ఎవరినో అడిగి, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే జేబు పుస్తకంలో దించుకున్నారు. తెర మీద నల్లటి కిటికీ ఒకటి తెరిచి, ఒంటివేలితో కొట్టడం మొదలుపెట్టారు. నేను వెనక నిలబడ్డాను.

"ఏం కొడుతున్నావ్ నా కంప్యూటర్లో?"

"పైకి చదువుతానండీ. మీరు రాసుకోండి."

చదివారు. నేను రాసుకున్నాను, రేపు సాక్ష్యానికి పనికొస్తుందని. మూడే మూడు మాటలు. తెగిన ఆ దారిని తిరిగి మొదట్లో ఉన్నట్టు కట్టుకోమని కంప్యూటర్‌కి చెప్పే మాటలు. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే మూడ్రోజులుగా ఆగిపోయిన మెయిళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి.

కాఫీ తాగుతూ అన్నారు: "తేడా ఎప్పుడూ దగ్గర్నుంచి వెతుక్కుంటూ వెళ్ళాలండీ. మీరు హైదరాబాదు కాణ్ణించి మొదలెట్టారు." మా ఆవిడ పకపకా నవ్వింది.

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఆగారు. "సార్, ఆ పిటిషన్ తప్పని ఓ కాగితం రాసిచ్చి, నాకో జిరాక్సు ఇప్పించండి. మా ఆడది చేపల మార్కెట్లో కూర్చుంటది. 'మీ ఆయన దొరికిపోయాడంటగా' అని బేరానికొచ్చినోళ్ళు ఆడిపోసుకుంటున్నారు. చూపించుకుంటది."

"రేపే రాసిస్తాను" అన్నాను.

రాయలేదు. ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాను. నోటిమాట పనికిరాదు, రాసివ్వండి అన్నారు. నేను అబద్ధం రాశానని నా చేత్తోనే ఒప్పుకుంటే చెరువులవాళ్ళు దాన్ని ఫ్రేము కట్టించుకుంటారని భయపడ్డాను. ఉద్యమానికి దెబ్బ అనుకున్నాను. ఒక మనిషి పరువు తాకట్టుపెడితే తప్ప నిలబడనిది ఉద్యమమెలా అవుతుందని నన్ను నేను అడగలేదు. మీరూ అడగలేదు. ఒకసారి ఆయన మోపిదేవి బస్సులో కనబడి, "మీకు రాయడానికి ఇబ్బందైతే నేను చెబుతాను, మీరు రాసుకోండి సార్" అని నవ్వారు. నేనూ నవ్వాను. కిటికీలోంచి బయటికి చూశాను. విచారణ జరిగింది. సర్వీసు పుస్తకంలో హెచ్చరిక పడింది. దాంతోనే రిటైరయ్యారు. ఆ మధ్యలో మా లైను ఎన్నిసార్లు పోయినా ఆయనే వచ్చి బాగుచేశారు.

ఇప్పుడు మనం ఎవరి మీద పిటిషన్ పెట్టలేదో చూడండి. నాకూ బయటికీ మధ్య దూరి, నేనేం చూస్తున్నానో, ఎక్కడికి వెళ్తున్నానో కనిపెట్టింది ఆ ఉచిత సరుకు. దాన్ని పిలిచి పీటేసింది నేను. దాన్ని తయారుచేసినవాడి పేరు మనకి తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. చేతికందిన మనిషి ఒక్కడే, ఖాకీ చొక్కా వేసుకుని స్తంభం మీద ఉన్నాడు. అనుమానం ఎప్పుడూ పై నుంచి మొదలై కిందివాడి మీదే ఎందుకు వాలుతుందో అభ్యుదయవాదులం కదా, మనం చెప్పగలగాలి.

మంగళవారం వెళ్ళాను. ఆయన భార్య నన్ను గుర్తుపట్టింది.

"మీరు రాస్తారంటగా బాబూ. పేజీలకి పేజీలు రాస్తారంట. అదొక్కటీ రాయలేకపోయారా?"

గొంతు పెంచలేదు. ఎవరో నా చేతికి దండ ఇచ్చారు. పక్కవాళ్ళకిచ్చి వచ్చేశాను.

సంస్మరణ సభ పెడదాం, మీరే మాట్లాడాలి అని కబురు పంపిన మీకు నా జవాబు ఇది. కోరికలు కావు, డిమాండ్లు.

1. సభ వద్దు. ఆయన గురించి మాట్లాడే హక్కు నాకూ లేదు, మీకూ లేదు.

2. పిటిషన్ అబద్ధమని ఇప్పుడు నేను కాగితం రాశాను. సంతకం పెట్టిన ప్రతివాళ్ళూ సోమవారం పదిన్నరకి టెలిఫోన్ ఆఫీసు దగ్గరికొచ్చి దాని కింద సంతకం పెట్టాలి. ఈసారి చదివి పెట్టాలి.

3. ఆఫీసువారు సర్వీసు పుస్తకంలోని హెచ్చరికని కొట్టేసి, కొట్టేసినట్టు కాగితం ఇవ్వాలి. పోయినవాడికి ఇప్పుడెందుకు అన్న జవాబు మేం ఒప్పుకోం.

4. "ఉద్దేశపూర్వకంగా" అన్న మాట నాదని, అది అబద్ధమని ఈ పత్రిక మొదటి పేజీలో నా పేరుతో వెయ్యాలి.

5. నేను రాసిన కాగితం, ఆఫీసువారిచ్చే కాగితం, ఆ రెండింటి నకళ్ళూ ఆయన భార్యకి ఇవ్వాలి. ఆమె తీసుకోనంటే బలవంతపెట్టకూడదు.