మడిగెలు మింగిన వరండా

జూన్ రెండో శుక్రవారం. ఒమన్‌లోని అల్ అమెరాత్‌లో పొద్దున్నుంచే వడగాలి. డ్యూటీ లేదు కనుక రూమ్‌లో అందరి బట్టలూ ఉతికి మేడ మీద ఆరేశాను. దిగుతుంటే ఊరి నుంచి వదిన ఫోన్ చేసి, మా లైబ్రరీ సార్ మొన్న నిద్రలోనే పోయారని చెప్పింది.

"కౌన్సిలర్ ఇయ్యాల సభ పెడుతుండు. నిన్ను గూడ ఫోన్ల మాట్లాడుమంటుండు, మైకుల అందరికి ఇనవడేటట్టు," అంది.

"ఏం మాట్లాడాల్నట?"

"లైబ్రరీకి ఎంత జేసిండో రెండు ముక్కలు జెప్పాల్నట."

"సార్ గురించా?"

"గాదు. కౌన్సిలర్ గురించి."

మాట్లాడతానన్నాను. అందుకే ఇది రాస్తున్నాను, సభలో చదవడానికి, సభకు రాని మీరు చదువుకోవడానికి.

మా లైబ్రరీ అంటే ఒక హాలు, దాని ముందు రోడ్డు వైపు పొడుగాటి వరండా. హాల్లో మాట్లాడకూడదు. వరండాలో మాత్రం మధ్యాహ్నాలు బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని కూర్చునేవారు. వాళ్లలో మా అమ్మ ఒకతె. సార్ గడపలో కుర్చీ వేసుకుని, బుగ్గన లవంగం పెట్టుకుని నవల పైకి చదివేవారు. ఎవరూ ఆయనకు అప్పగించిన పని కాదది. "చేతులు ఖాళీ లేకుంటేంది, చెవులు ఖాళీనే గద," అనేవారు.

సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట పుస్తకం మూసేసేవారు.

"సారూ, గా పిల్ల బతికిందో లేదో జెప్పి పోరాదుండ్రి," అనేది అమ్మ.

"రేపు రా, చెప్త."

"రాత్రికి నేనే సస్తే?"

"నువ్వు సావవు. కథ మిగిలింది గద."

నేనప్పుడు మార్కెట్లో బస్తాలు మోసి, మధ్యాహ్నాలు అక్కడికొచ్చి వినేవాణ్ని. రేపటి దాకా ఆగలేక, సార్ పక్కకు వెళ్లగానే బీరువాలోంచి ఆ పుస్తకం తీసి అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. నాకు చదువు వచ్చింది అలాగే. సార్ చూశారు. మర్నాటి నుంచి పుస్తకాన్ని బీరువాలో పెట్టకుండా కుర్చీ మీదే వదిలేసేవారు.

ఆ వరండాను కౌన్సిలర్ మింగాడు. అక్కడ దుకాణాలకు మడిగెలు కడితే కిరాయి లైబ్రరీకే వస్తుందన్నాడు. మడిగెలన్నీ తన వాళ్లకే ఇప్పించుకున్నాడు. షట్టర్లు పడ్డాక హాలుకు గాలి ఆడలేదు, పుస్తకాలకు చెమ్మ పట్టింది. ఆ చెమ్మనే సాకుగా చూపి లైబ్రరీని పాత గోదాము పైఅంతస్తుకు మార్పించాడు. మోకాళ్ల నొప్పులతో సార్ ఆ మెట్లు ఎక్కేవారు. చాటలు పట్టుకుని ఆడవాళ్లు ఎక్కలేకపోయారు. చదివేవాళ్లు రావడం లేదని చివరికి తాళం వేయించాడు.

సెలవు మీద వెళ్లినప్పుడు, ఎందుకు ఊరుకున్నారని సార్‌ని అడిగాను. తువ్వాలుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఊకోలేదురా. ఎక్కే ఆఫీసు, దిగే ఆఫీసు. ఇన్నోడే లేడు," అన్నారు. అద్దాలు పెట్టుకుని, "యాదికి పెట్టుకో. ఎప్పుడన్న గట్టిగ సదువుదువు," అన్నారు.

పెట్టుకున్నాను. ఇన్నేళ్లూ శుక్రవారాలు ఈ రూమ్‌లో, చదువు రాని వాళ్లకు నవలలు పైకి చదువుతూ గొంతు ఈ రోజు కోసమే కాపాడుకున్నాను. కౌన్సిలర్‌ను క్షమించమని సార్ ఒక్కసారీ అనలేదు. అన్నా వినేవాణ్ని కాదు. అతను పెట్టించిన మైకులోనే, ఊరి ముందు, అతను ఇదంతా వినాలి.

"నడుమల ఫోన్ కట్ చెయ్యుమంటే?" అని వదినను అడిగాను.

"నా చేతిల ఫోను ఎట్ల గుంజుకుంటడో సూస్త," అంది.

ఇప్పుడు వీడియోలో చూపిస్తోంది. సభ మడిగెల ముందే. దించిన షట్టర్లకు ఆనుకుని ఆడవాళ్లు చాటలతో కూర్చున్నారు. వాళ్ల మధ్య సార్ కుర్చీ, దాని మీద ఫొటో. కౌన్సిలర్ మాట్లాడుతున్నాడు. బీడీ ఆకు కత్తిరించే కత్తెర ఒక్కటీ ఆగడం లేదు.

నా పేరు పిలిచారు. కత్తెరలు ఆగాయి. మేడ మీద బట్టలు ఎండనీ, గట్టిగా చదవడం మొదలుపెడుతున్నాను.