మొగుడి ముందు చెప్పని నొప్పి

మా ఆసుపత్రిలో నర్సు ఇన్షిరా అక్కకు ఇరవై ఆరేళ్ల సర్వీసు. నైలు నది ఎగువ పల్లెల ఆడవాళ్లు ఆమె దగ్గర తప్ప నోరు విప్పరు. అందుకు ఆమె చేసే ఉపాయం చాలా చిన్నది. పక్కనున్న మగమనిషిని మందుల షాపుకు పంపేది. అలమరా నిండా దూది ఉన్నా సరే, "దూది అయిపోయింది నాయనా, రెండు కట్టలు పట్రా" అనేది. అతను గేటు దాటాక మంచం మీద కూర్చుని అడిగేది. ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది, ఏం చేస్తే పెరుగుతోంది, ఎప్పటినుంచి?

మొగుడి ముందు నొప్పి అనడం మావాళ్లలో తప్పు, దేవుడి మీద ఫిర్యాదు చేసినట్టు. ఎలా ఉన్నావంటే "అల్‌హమ్దులిల్లా", దేవుడికే స్తుతి, అనాలి. పేగులు తెగిపోతున్నా అదే మాట. ఈ మర్యాద కనిపెట్టినవాడికి జన్మలో కడుపునొప్పి వచ్చి ఉండదు.

పోయిన చలికాలంలో తఫీదా వచ్చింది. తమ సందులో సగం ఇళ్లకు, పిండి ఎండలో పొంగబెట్టి కాల్చే ఎండరొట్టెలు చేసిపెట్టే మనిషి. ఆమె నోరు తెరవకముందే మొగుడు ముసాద్ అందుకున్నాడు. "గ్యాసమ్మా. చిక్కుడుగింజలు తెగ తింటది. చెబితే వినదు."

అక్క అతణ్ణి దూదికి పంపింది. తఫీదా ఒక్కసారి తలుపు వైపు చూసి మొదలుపెట్టింది.

"రొమ్ము మధ్యన ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టుంటదక్కా. పిండి పిసికితే ఎడం చెయ్యి, దవడ లాగేస్తయి. కాసేపు కూచుంటే పోద్ది. వారమైంది."

"మీ ఇంట్లో ఇంకెవరికన్నా వచ్చిందా?"

"మా అమ్మ ఇట్లానే పొయ్యి ముందు పడిపోయింది."

అక్క అంతా రాసింది. కింద "గుండె పరీక్ష వెంటనే" అని గీత కూడా గీసింది. తఫీదా చెప్పింది డాక్టరు నమ్మితే బతుకుతుంది, అంతే.

డాక్టర్ వగీహ్ వచ్చేసరికి ముసాద్ కూడా వచ్చేశాడు. డాక్టరు కాగితం చూసి, తఫీదాను వదిలేసి ముసాద్‌నే అడిగాడు, "నొప్పి ఉందా ఈవిడకి?"

"గ్యాసు సార్."

"నువ్వు చెప్పమ్మా?"

తఫీదా తల వంచుకుంది. "అల్‌హమ్దులిల్లా, ఏం లేదు బాబూ."

"ఆయన్ని బయటికి పంపి అడగండి డాక్టర్ గారూ," అంది అక్క.

"మొగుడికి తెలియంది నీకు తెలుసా? కథలు బాగా అల్లుతావు." అక్క రాసినదంతా కొట్టేసి గ్యాసు మాత్రలు రాశాడు. అక్క కింద పనిచేసే నర్సుని, నేను పక్కనే ఉన్నాను. ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. ఆ పిరికితనం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

మూడో రోజు తఫీదాను బండి మీద తెచ్చారు. నాడి చూడ్డానికి ఇక ఏమీ మిగల్లేదు.

ముసాద్ నేల మీద కూలబడి ఏడ్చాడు. "ఇంత నొప్పి పెట్టుకుని ఒక్క మాటన్నా చెప్పలేదమ్మా! చెప్పుంటే నేను మోసుకొచ్చేవాణ్ణి కాదా?"

అక్క మొహం గట్టిపడింది. ఊరడిస్తుందనుకున్నాను.

"చెప్పింది ముసాద్. నాకు చెప్పింది. మూలుగు నీకు వినబడకూడదని వారం రోజులు తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుని పిండి పిసికిందట."