నల్లగా పోతే మంచిదే

నరసన్నపేటలో బెల్లం కొట్టు నడిపే మా బావ, అంటే మా అక్క మొగుడు, గడ్డం గీసే కత్తి చూసినా కళ్లు తిరిగి పడిపోయే మహావీరుడు. కుడి డొక్కలో నొప్పంటే స్కానింగ్ తీయించాం. పిత్తాశయం నిండా రాళ్లు. వాటితో నాగావళి మీద ఇంకో వంతెన కట్టొచ్చని ఊరంతా చాటింది నేనే. ఆపరేషన్ చేయాలన్నారు. ఆ మాట విన్న చెవులు కడుక్కుని మా బావ ఇంటికొచ్చేశాడు.

నెల తిరక్కుండా కళ్లు పసుపుకొమ్ములయ్యాయి. "కామెర్లే బావా" అని పసరు పోసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్లిందీ నేనే. ఆ పసరు ముందు వేపాకు మైసూరుపాకు. ఉప్పు మానమన్నాడు, ఇంకో మాట కూడా చెప్పాడు.

"నాలుగు దినాల్లో దొడ్డికి నల్లగా పోతాది. పోతే ఇసం దిగినట్టే. బెంగెట్టుకోకండి."

మూడోనాటికే నల్లగా పోయింది. ఇల్లంతా పండగ. బావ దొడ్లోంచి రాగానే అక్క గుమ్మంలోనే "రంగేటి?" అని అడిగేది. ఆ తర్వాత ఎన్నికల ఫలితాల్లా నాకు ఫోనొచ్చేది.

"ఒరే బామ్మర్దీ, తారులాగున్నాదిరా. జిగురు, కంపు!"

"ఇంకేటి బావా! హైవేకి ఇంకో వరస ఏసీయొచ్చు. కాంట్రాక్టు నాకిచ్చీ."

నవ్వాడు. నవ్వితే డొక్క పట్టేస్తోందన్నాడు. నేను ఇంకాస్త నవ్వించాను.

ఐదోనాడు కొట్లో బెల్లం దిమ్మల మీదికి కూలిపోయాడు. పసుపు మొహానికి ఎవరో సున్నం కొట్టినట్టుంది. శ్రీకాకుళంలో డాక్టరమ్మ కనురెప్ప లాగి చూసి, మలం ఏ రంగులో ఉందని అడిగింది. మా అక్క గొప్పగా చెప్పింది.

"నల్లగా అవుతందమ్మా. మందు బాగా పనిచేస్తంది."

"అది మందు కాదమ్మా, రక్తం. ఇన్ని రోజులూ చూస్తూ కూర్చున్నారా?"

రాయి ఒరుసుకుని పిత్తాశయం పక్క రక్తనాళాన్ని తినేసిందట. ఆ నెత్తురు పిత్తనాళం గుండా పేగులోకి దిగి, నల్లబడి బయటికొస్తోందట. చాలా అరుదట. నలుగురికీ వచ్చే జబ్బు మా బావకెందుకొస్తుంది!

విశాఖ దాకా నెత్తురు ఎక్కిస్తూనే తీసుకెళ్లారు. అక్కడ తొడ మొదట్లోంచి రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి, కారే చోట చిన్న లోహపు చుట్టతో మూస్తామన్నారు. మూత నిలవకపోతే మనిషి దక్కడన్నారు. తలుపు బయట అక్క నా వైపు తిరిగింది.

"మీ బావ పోతే ఏ జోకేస్తావురా?"

మూత నిలిచింది. కామెర్లు తగ్గాక పిత్తాశయం తీసేశారు. బావ బతికాడు.

ఇప్పుడు చూడ్డానికి ఎవరొచ్చినా నన్ను పిలిపించి ఎదురుగా కూర్చోబెడతాడు.

"ఒరే, ఆ తారు రోడ్డు జోకు సెప్పు."

చెబుతాను. వచ్చినవాళ్లు పడీ పడీ నవ్వుతారు. బావ కుట్లు పట్టుకుని మరీ నవ్వుతాడు.

"ఇంకోసారి సెప్పరా, మీ అక్క ఇనలేదు."

వంటింట్లోంచి అక్క వింటూనే ఉంటుంది. కాసేపటికి అందరికీ కాఫీ తెస్తుంది. పళ్లెంలో నా గ్లాసుండదు.