గీత పడని టైర్లు

కర్నూలు కంటి డాక్టరు నా రిపోర్టులన్నీ తిరగేసి, పగటిపూట ఇంకో ఆరు నెలలు కారు నడుపుకోవచ్చన్నాడు. మళ్లీ పరీక్షకు వచ్చినప్పుడు బహుశా మానెయ్యమనే చెబుతానని కూడా అన్నాడు. రేచీకటి నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. మా ఇంట్లో మూడు తరాలుగా మేనరికాలే, మా తాతకూ ఉండేది, మా నాయనకూ ఉండేది. కానీ ఇప్పుడు పగలు కూడా పక్కలు చెరిగిపోతున్నాయి. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, పక్కనుంచి వచ్చేది మీదికి వచ్చేదాకా తెలియదు. ఇంటికి తిరిగి వస్తూ బస్సు గిద్దలూరులో ఆగినప్పుడు టీ తాగుతూ మా ఆవిడతో చెప్పాను, కారు మానేసేలోపు ఒక్క రోజు రేసు ట్రాకు మీద నడుపుతానని.

"మీకేమన్నా పిచ్చి పట్టిందా?" అంది. ఆ తర్వాత మా ఊరు మార్కాపురంలో బస్సు దిగేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

నేను హైస్కూల్లో ఫిజిక్సు చెబుతాను. యాభై దాటాయి. పదిహేనేళ్లుగా ఒకటే పాత చిన్న కారు. వేగమంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం, కానీ మా గుంతల రోడ్ల మీద ఆ కారు టాప్ గేరులో పోయింది బహు తక్కువ. చెన్నై దగ్గర ఒక ట్రాకు ఉంది. కొన్ని ప్రత్యేకమైన రోజుల్లో ఫీజు కడితే నాలాంటి మామూలు వాళ్లు కూడా సొంత కార్లు తెచ్చుకుని తిప్పుకోవచ్చు. ఎదురు బండి రాదు, అందరూ ఒకే వైపు పోతారు. నాకు మిగిలిన చూపుకు అంతకంటే మంచి రోడ్డు లేదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పక్కనుంచి దాటిపోయే కార్ల సంగతి ఆలోచించడం నాకిష్టం లేకపోయింది.

ఫీజు కట్టాక చూసుకుంటే టైర్లు నాలుగూ బోడి. వాటితో ట్రాకు మీదికి రానివ్వరు. గిద్దలూరులో పాత సామాను అమ్మే ఒకాయన దగ్గర నా కారుకు సరిపోయే అల్లాయ్ చక్రాలు దొరికాయి, టైర్లతో సహా. ఎవరో సిటీ కుర్రాడి కారువట. సగం అరిగినా రబ్బరు మెత్తగా ఉంది, గోరు నొక్కితే దిగింది. తయారై రెండేళ్లేనని చెప్పాడు. నెట్‌లో చదివిన ప్రతి చోటా అదే మాట: ట్రాకుకు మెత్తని టైరు కావాలి, అది వేడెక్కి నేలను పట్టుకోవాలి, అరిగితే అరగనీ. ఘర్షణ పాఠం ఇరవై ఏళ్లుగా చెబుతున్నవాణ్ణి, నాకు ఇంకొకరు చెప్పాలా? అయినా బేరం తెంపకుండా ఒక్క చక్రం మాత్రం డిక్కీలో వేసుకుని మా మామకు చూపిద్దామని తెచ్చాను.

మామ అంటే అమ్మ వైపు వరసకు మామ. నలభై ఏళ్లుగా పలకల క్వారీ లారీలకు టైర్లు వేస్తున్నాడు. మా కుటుంబంలో సైకిలు టైరు కొనాలన్నా ఆయన్ని అడగకుండా కొన్నవాళ్లు లేరు. ఆయన దుకాణం ముందు ఎప్పుడూ ఒక పలకరాయి ముక్క పడి ఉంటుంది, కత్తి అంచులాంటి అంచుతో. క్వారీ దారుల నిండా ఉండేవి ఆ రాళ్లే. మెత్తని టైరు ఆ దారిలో వారం బతకదు. అందుకే మా వైపు ఎవరు టైరు కొన్నా ముందు ఆ ముక్కతో గీకి చూస్తారు. గీత పడితే వద్దంటారు, పడకపోతే కొంటారు.

మామ గిద్దలూరు టైరు మీద రాయి పెట్టి ఒక్క లాగు లాగాడు. తెల్లగా గీత పడింది.

"సూడు అల్లుడూ, వెన్న తెగినట్ల తెగింది. దీన్నేసుకొని నువ్వు పందేలకు పోతావా? ఈ చక్రం గూడా దెబ్బ తగిల్తే పగుల్తాది. ఇనప రిమ్మయితే వంగినా సుత్తెతో కొట్టుకోవచ్చు."

తర్వాత రేకుల కింద, లారీ టైర్ల వెనక నుంచి నాలుగు కారు టైర్లు దొర్లించుకుంటూ వచ్చాడు. దుమ్ము తుడిస్తే నల్లగా నిగనిగలాడాయి. ఒక్క కిలోమీటరు కూడా తిరగనివి. అదే రాయితో బలంగా గీకాడు. గీత పడలేదు. నన్నూ గీకమన్నాడు. నేనూ గీకాను, పడలేదు.

"మెత్తనిది నేలను బాగా పట్టుకుంటుంది మామా," అన్నాను నీళ్లు నములుతూ.

"నీ పుస్తకాలు పిల్లోళ్లకు చెప్పుకో పో. ఇవి తీస్కపో. అసలుకే ఇస్తా."

నా పాత ఇనప రిమ్ములకే ఆ టైర్లు వేయించుకుని వచ్చేశాను. ఆ ముసలాయన మీద గౌరవమని అప్పుడు అనుకున్నాను గానీ అది పూర్తి నిజం కాదు. రాయికి లొంగని టైరును చూస్తే నాకు లోపల్నుంచే ధైర్యం కలిగింది. చిన్నప్పటి నుంచీ చూస్తున్న పరీక్ష అది, చదివిందంతా దాని ముందు దిగదుడుపైపోయింది.

ట్రాకు రోజుకు ముందురోజు తెల్లవారగానే కారులో బయలుదేరి చెన్నై చేరాం. మా ఆవిడ పోట్లాడుతూనే వచ్చింది, దారి పొడుగునా పక్కన ఏమేం వస్తున్నాయో చెబుతూ. మర్నాడు పొద్దున ట్రాకు దగ్గర కార్లు తనిఖీ చేసే కుర్రాడు బ్రేకులు చూశాడు, బెల్టు చూశాడు, టైరు దగ్గర కూర్చుని ఆగిపోయాడు. టైరు గోడ మీద నాలుగు అంకెలు చూపించాడు. నలుపు మీద నలుపు, నాకు అక్కడ అంకెలున్నట్టే తెలియలేదు. మా ఆవిడ వంగి చదివింది. ఏ వారంలో, ఏ ఏడాది తయారైందో చెప్పే అంకెలట. టైర్లకు పదకొండేళ్లు నిండాయి. రేకుల వేడికి రబ్బరు ఎండిపోయి గట్టిపడిందని, నేలను పట్టుకోదని, వీటితో లోపలికి పంపలేనని ఆ కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. మేం గీత పడలేదని మురిసిపోయింది ఆ ముసలితనాన్ని చూసే.

అంతవరకూ నన్ను తిట్టిన మా ఆవిడ ఆ కుర్రాణ్ణి బతిమాలింది. "ఒక్క రౌండు బాబూ, మెల్లగానే నడుపుతారు. మళ్లీ రాలేరు." అతను తల అడ్డంగా ఊపాడు. అతని తప్పేం లేదు. గోడ అవతల కార్లు మొదలయ్యాయి. ఆ మోత వింటూ కాసేపు నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

చీకటి పడేలోపు ఇల్లు చేరాలి కాబట్టి వెంటనే తిరిగి బయలుదేరాం. ఒంగోలు దాటేసరికి మా ఆవిడ అలసిపోయి చెప్పడం తగ్గించింది. పొదిలి దాటాక, ఎండ ఇంకా బాగానే ఉండగా, "ఆపండి, మేకలు!" అని అరిచింది. నాకు ఖాళీ రోడ్డు తప్ప ఏమీ కనిపించలేదు. బ్రేకు తొక్కాను. చక్రాలు బిగుసుకున్నాయి, కారు మాత్రం ఆగలేదు, కీచుమంటూ జారుకుంటూ పోయింది. ఎడమవైపు మెత్తగా ఏదో తగిలింది.

మేకపిల్ల. నేను దిగేసరికే కదలడం మానేసింది. మేకలు కాసే మనిషి, నా ఈడువాడే, కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఏందన్నా ఇది? ఇంత పెద్ద మందొస్తాంటే కనపళ్లేదా? పట్టపగలే గదా!"

అంతవరకూ మా ఇంట్లో నా చూపు సంగతి 'కొంచెం మసక' అనే అనుకునేవాళ్లం, చుట్టాలకు అది కూడా చెప్పలేదు. మా ఆవిడ కారు దిగి వచ్చి నా పక్కన నిలబడింది.

"ఆయనకు కండ్లు కనపడవు నాయనా," అంది.

అతను కర్ర దించాడు. వంగి నా ముఖంలోకి చూశాడు. కాసేపటి కింద ఆ కారు నడిపింది నేనేనన్న సంగతి మరిచిపోయినట్టు, తిట్టడం పూర్తిగా మానేశాడు. కర్ర చంకలో పెట్టుకుని నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఇట్ల రా అన్నా, రాయి ఉంది, సూసుకో," అంటూ కారు చుట్టూ నడిపించి, ఎడమవైపు తలుపు తీసి, నన్ను మా ఆవిడ సీట్లో కూర్చోబెట్టాడు.

ఆ రాయి నాకు కనిపిస్తూనే ఉంది. అయినా చెయ్యి విడిపించుకోలేదు.