ఐదు దిక్కుల బుచ్చిబాబు గారు

బుచ్చిబాబు గారు ఏ సంగతైనా సరే ఐదుగురిని అడగందే నమ్మరు. నలుగురు చాలరా అంటే చాలరు. ఆరో మనిషిని అడగొచ్చుగా అంటే, అది అతి అంటారు.

ఈ జబ్బు రాడార్ వల్ల పట్టింది. గాలిని కొలిచే రాడార్ తన కిరణాన్ని ఒకసారి నిటారుగా పైకి పంపుతుంది, తర్వాత నాలుగు దిక్కులకీ కాస్త వాల్చి పంపుతుంది. ఐదూ కలిపి చూస్తేగాని పైన గాలి ఎటు వీస్తోందో, ఎంత జోరుగా వీస్తోందో తేలదు. తిరుపతి వైపు పెద్ద రాడార్ దగ్గర ఇరవై కిలోమీటర్ల ఎత్తు గాలుల్ని కొలుస్తూ పాతికేళ్లు గడిపిన మనిషి, రిటైరయ్యాక పంజగుట్టలో ఓ చిన్న కంపెనీ మేడ మీదున్న బుల్లి రాడార్‌కి సలహాదారుగా చేరారు. జబ్బు కూడా వెంటే వచ్చింది.

అమీర్‌పేటలో టిఫిన్ సెంటర్‌కి వెళితే "ఇడ్లీ వేడిగా ఉందా?" అని ఐదు టేబుళ్ల వాళ్లని అడుగుతారు. ఐదో మనిషి చెప్పేసరికి ఆయన ఇడ్లీ చల్లారిపోతుంది. అప్పుడు ఐదుగురూ అబద్ధమాడారని అలుగుతారు. ఒకసారి భార్య హైమవతి గారు "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగిన పాపానికి, గిన్నె పట్టుకుని ఐదు ఫ్లాట్లు తిరిగొచ్చి, "సరిపోయిందిటోయ్!" అని ఖాళీ గిన్నె ఆవిడ చేతిలో పెట్టారు.

ఇలాంటి మనిషి పక్క సీట్లో ఫేబీ ఉద్యోగం. ఉండేది ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో. గాలికి తగిలి రాడార్‌కి తిరిగొచ్చిన సంకేతాల్లోంచి గాలి వేగాన్ని లెక్కకట్టే ప్రోగ్రాం ఆమెదే. ఏడాది కాంట్రాక్టు శుక్రవారంతో ఆఖరు. పొడిగించేదీ లేనిదీ మేనేజర్ చక్రపాణి ఇష్టం. ఆయన సోమవారం పొద్దున్నే, బుచ్చిబాబు గారు వింటుండగానే పిలిచి అడిగాడు.

"ఇదేంటమ్మా? అర కిలోమీటరు ఎత్తులో ఐదారు నిమిషాలకోసారి గాలి విరుచుకుపడి, నిమిషంలో చల్లబడిపోతుందా?"

"నేను మూడుసార్లు సరిచూశాను సార్. ప్రోగ్రాంలో తప్పు లేదు."

"అయితే గాలిదా తప్పు? శుక్రవారం తేలుద్దాం."

ఆ క్షణం నుంచి ఫేబీకి కాలు నిలవలేదు. కుర్చీలో కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే మేడెక్కాలనిపిస్తుంది, ఎక్కితే దిగాలనిపిస్తుంది. మెట్రోలో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వస్తోంది.

దానికి తోడు బుచ్చిబాబు గారి వరస మారింది. సీట్లో ఉండటం లేదు. మంగళవారం మెట్రో పిల్లర్ కింద టీ బండి విన్సెంట్‌తో గుసగుసలు. బుధవారం అమీర్‌పేట స్టేషన్ మెట్ల దగ్గర పూల బుచ్చమ్మతో గుసగుసలు. చేతిలో నోటు పుస్తకం. ఫేబీ కనబడగానే మాట ఆపేస్తున్నారు.

"సార్ ఏమడుగుతున్నారన్నా?" అని విన్సెంట్‌ని నిలదీసింది.

"చెప్పొద్దన్నడక్కా. నువ్వు జర ఫికర్ చెయ్యకు" అన్నాడు విన్సెంట్. దాంతో ఉన్న ఫికర్ రెండింతలైంది.

తన మీద ఐదుగురి సాక్ష్యం పోగేస్తున్నారన్నమాట! ఫేబీకి ఒళ్లు మండిపోయింది. తిన్నగా వెళ్లి అడిగేసింది.

"ఎంతమంది అయ్యారు సార్?"

"ముగ్గురమ్మాయ్. ఇంకా ఇద్దరున్నారు, తొందరపడకు" అన్నారాయన, తల ఎత్తకుండానే.

శుక్రవారం చక్రపాణి గదిలోకి ఫేబీ వెనకాలే బుచ్చిబాబు గారూ దూరారు. జేబులోంచి ఐదు కాగితాలు తీసి బల్ల మీద పరిచారు. ఒకటి టీ మరకల కాగితం. ఒకటి ఏదో కోచింగ్ సెంటర్ కరపత్రం వెనక వైపు. అన్నిటి మీదా గంటలు, నిమిషాలు.

"విన్సెంట్, బుచ్చమ్మ, జిరాక్స్ షాపు దుర్గాంబ గారు, పట్టాల ఎదురింటి మగ్దలీనమ్మ గారు, మా ఇంటావిడ. ఒకళ్లు రాస్తున్నట్టు ఇంకొకళ్లకి తెలీదు. మెట్రో రైలు కళ్లబడ్డప్పుడల్లా టైం రాయమన్నాను. బుచ్చమ్మ కాగితానికి మాత్రం రెండు నిమిషాలు కలుపుకోవాలి, ఆవిడ స్టేషన్ దగ్గరుంది."

"రైలుకీ గాలికీ ఏంటండీ సంబంధం?"

"రాడార్‌కి కాస్త పక్క చూపు ఉంటుంది కదండీ! పట్టాలు మనకి అర కిలోమీటరు దూరం. ఆ దూరాన్నే అది ఎత్తనుకుంది. కదిలే రైలుని గాలనుకుంది. అమ్మాయి ప్రోగ్రాం రాడార్ చూసింది చూసినట్టు చెప్పింది."

చక్రపాణి కాగితాల్నీ స్క్రీన్‌నీ పక్కపక్కన పెట్టి చూశాడు. నలభై మూడు గాలులు, నలభై మూడు రైళ్లు. ఆయన ముఖం కాస్త మెత్తబడింది.

"ఈ రైళ్లని ఏరేసి అసలు గాలిని చూపించడానికి ఎంతకాలం పడుతుందమ్మా?"

"మూడు నెలలు..." అనబోయింది ఫేబీ. బుచ్చిబాబు గారికి ఎక్కడలేని దగ్గొచ్చింది.

"ఏడాది సార్" అని సవరించుకుంది ఫేబీ.

కాంట్రాక్టుకి ఇంకో ఏడాది సంతకం పడింది.

బయటికి రాగానే ఫేబీ విరుచుకుపడింది. "ముందే ఒక్క మాట చెప్పొచ్చుగా సార్! వారం నుంచి అన్నం సయించలేదు నాకు."

"చెబితే నువ్వూ కాగితం పట్టుకుని పట్టాల కింద నిలబడేదానివి. అన్నీ నువ్వే రాయించావనేవాడు చక్రపాణి."

ఫేబీకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చివరికి నవ్వే నెగ్గింది. "అయితే నా మాట ఎప్పుడు నమ్మారు? ఐదో కాగితం వచ్చాకా?"

"సోమవారమే నమ్మాను. మూడుసార్లు చూశానన్నావుగా!"

"ఎవర్నీ అడక్కుండానే?"

బుచ్చిబాబు గారు దొంగతనంలో దొరికిపోయినట్టు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"ఈ సంగతి మా హైమవతి చెవిన పడనీయకు తల్లీ. నలభై ఏళ్లలో ఆవిడ మాట ఒక్కటీ అలా నమ్మలేదు."